మాట వచ్చిన తరువాత

చాలాకాలంగా ఈ టపా వ్రాయాలనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చాను. పక్షవాతం వచ్చి మాట పోగొట్టుకున్నవారితోను, ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి జ్ఞాపకశక్తి, ఏకాగ్రత చెదిరినవారితోను ఇరవై ఏళ్ళకు పైగా పనిచేశానని ఇక్కడికి వచ్చే పాతమిత్రులకు తెలుసు. విశాఖపట్నంలోని ఆ ఉద్యోగం విడిచి, స్వస్థలమైన శృంగవరపుకోటకు తిరిగివచ్చి, లోకం ‘లైఫ్ కోచింగ్’ అని పిలిచే పనిలోకి దిగానని తెలిసినప్పటినుంచి కొందరు మిత్రులు కుశలప్రశ్నలతో పాటు నిలదీతలు కూడా పంపుతున్నారు. “శాస్త్రం వదిలిపెట్టి కబుర్లలోకి దిగావన్నమాట” అని ఒకాయన వ్రాశారు. ఆ మాటలో కొంత న్యాయం ఉంది. అందుకే ఒక్క వాక్యంతో తప్పించుకోకుండా జవాబు కాస్త వివరంగా చెబుతాను.

ముందు నేను వదిలివచ్చిన పని ఎటువంటిదో చెప్పాలి. దాని చరిత్ర చెప్పేవారు 1861తో మొదలుపెడతారు. పారిస్ చెంత బిసెత్ర్ ఆసుపత్రిలో లెబోర్న్ అనే రోగి ఉండేవాడు. ఏం అడిగినా ‘టాన్’ అనే ఒక్క శబ్దమే అతని నోట వచ్చేది. ఇరవై ఏళ్ళకు పైగా అక్కడే ఉండటంతో చివరకు అందరూ అతణ్ణి టాన్ అనే పిలిచేవారు. ఎదుటివారు అన్నది అతనికి చాలావరకు అర్థమయ్యేది. తిరిగి చెప్పడానికే మాట లేదు. అతడు చనిపోయాక పాల్ బ్రోకా అనే వైద్యుడు మెదడును పరీక్షించి, ఎడమవైపు ముందుభాగంలో గాయం చూసి, పలుకుకు మెదడులో ఒక నెలవు ఉందని నిరూపించాడు. 1874లో వెర్నికే మరొక రకాన్ని వర్ణించాడు. అందులో మాట ధారాళంగా వస్తుంది, కాని దానికి అర్థం ఉండదు. ఎదుటివారి మాట కూడా చెవికి చేరుతుందే గాని బోధపడదు. వైద్యులు అఫేజియా అని పిలిచే ఈ స్థితికి మన ఊళ్ళలో ‘మాట పడిపోయింది’ అంటారు. కాలు పడిపోయినట్టే, చెయ్యి పడిపోయినట్టే.

పుస్తకాలు ఇంగ్లీషులో చదువుకుని తెలుగువారికి చికిత్స చేయవలసి రావడం ఈ వృత్తిలో మొదటి చిక్కు. తెలుగు క్రియలో ధాతువు వెనుక కాలం, పురుష, లింగం, వచనం ఒకదానికొకటి తగిలించిన రైలుపెట్టెల్లా వస్తాయి. మెదడుకు దెబ్బ తగిలినప్పుడు ఆ పెట్టెలు ఊడిపోవడమో, ఒకదాని స్థానంలో మరొకటి వచ్చి చేరడమో జరుగుతుంది. ‘మంచినీళ్ళు తాగుతాను’ అనవలసిన మనిషి నోట ‘నీళ్ళు... తాగు’ అని వస్తుంది. ఒంటరి ధాతువు మన భాషలో ఆజ్ఞ. పాపం, అతను దాహమని చెబుతున్నాడు. వినేవారికి ఎవరినో తాగమని శాసిస్తున్నట్టు ఉంటుంది. ‘రండి’లోని చివరి అక్షరం జారిపోతే మిగిలేది ‘రా’. జన్మంతా అన్నగారిని ‘మీరు’ అని తప్ప పిలవని మనిషి, పలకరించడానికి వచ్చిన ఆ అన్నగారిని ‘రా’ అంటాడు. తాను అన్నది తనకు వినిపిస్తుంది. సరిదిద్దుకోబోతే నాలుక తిరగదు. మరునాటినుంచి ఎవరు వచ్చినా గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఏ పరీక్షాపత్రంలోను ఈ అవమానానికి ఒక గడి లేదు.

రెండవ చిక్కు మన ప్రాంతానిది. అచ్చైన బొమ్మల పుస్తకాలలో ఉండేది పాఠ్యపుస్తకాల తెలుగు. మా వైపు రైతు ‘ఎవరు’ అనడు, ‘ఎవులు’ అంటాడు. ‘లేదు’ అనడు, ‘నేదు’ అంటాడు. పుట్టి పెరిగిన పలుకును రోగలక్షణంగా లెక్కవేస్తే, ఆ మనిషికి లేని జబ్బును మనమే అంటగట్టినవాళ్ళమవుతాం. ఈ సందర్భంలో నాకు గిడుగు రామమూర్తి గుర్తుకువస్తూ ఉంటారు. వ్యావహారిక భాషకోసం పోరాడిన ఆ శ్రీకాకుళం మనిషి, సవరల కొండలకు వెళ్ళి వారి భాషను వారి నోటనే విని నేర్చుకున్నారు. ఆ తిరుగుళ్ళలో వచ్చిన మలేరియాకు క్వినైను వాడి వినికిడి కోల్పోయారు. ఎదుటివారి పలుకును ఉన్నది ఉన్నట్టు వినడమనే పాఠాన్ని ఆయన మన నేలమీదే చెప్పి వెళ్ళారు. మా వృత్తిలో మొదటి పాఠమూ అదే.

చికిత్సలో విచిత్రాలూ ఉన్నాయి. తన పేరు చెప్పలేని మనిషి, ఎవరో ‘ఒకటి, రెండు’ అని అందిస్తే పది వరకు గబగబా లెక్కపెడతాడు. వారాల పేర్లు, చిన్ననాటి ఎక్కాలు, నిత్యం చదివే శ్లోకం తడుముకోకుండా వస్తాయి. మాట రానివారికి పాట వస్తుంది. దీన్ని ఆధారం చేసుకుని 1973లో అమెరికాలోని బోస్టన్‌లో రాగయుక్తంగా మాట నేర్పే పద్ధతిని రూపొందించారు. 2011లో తలలో తుపాకిగుండు దిగిన అమెరికన్ చట్టసభ సభ్యురాలు గాబీ గిఫర్డ్స్ తిరిగి మాట కూడదీసుకోవడంలో పాటకు పెద్ద పాత్ర ఉంది. మా వైపు ఆడవాళ్ళకు ఊడ్పుల పాటలూ, పెళ్ళిపాటలూ కంఠస్థం. వాటి వరసలోనే ‘అన్నం పెట్టు’, ‘కిటికీ తియ్యి’ నేర్పేవాణ్ణి. ఊళ్ళలో నన్ను ‘మాటల డాక్టరు’ అనేవారు. డాక్టరును కానని చెప్పినా వినేవారు కాదు.

ఇంత ఇష్టమైన పనిని ఎందుకు వదిలానో చెప్పాలంటే ఒక కిరాణాకొట్టు యజమాని సంగతి చెప్పాలి. గుర్తు తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను. ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, మాట రెండూ పోయాయి. మెదడు దెబ్బ తిన్న తరువాత మొదటి మూడు నుంచి ఆరు నెలలలో కోలుకోవడం వేగంగా ఉంటుంది. తరువాత నెమ్మదిస్తుంది గాని ఆగిపోదు. ఆయన క్రమం తప్పకుండా వచ్చారు. ఏడాది తిరిగేసరికి చిన్నచిన్న వాక్యాలు వచ్చాయి. సరుకుల పేర్లు, ధరలు చెప్పగలిగేవారు. పరీక్షలో అంకెలు ఎంతో మెరుగుపడ్డాయి. నా లెక్కప్రకారం అది విజయమే. ఫైలు మూసే రోజు వచ్చింది. ఆ రోజు ఆయన భార్య బయట వరండాలో నిలబడి నాతో అన్నమాట ఇది: “మాటొచ్చీసినాది బాబూ. మనిసే ఇంకా రానేదు.”

ఆయన కొట్టుకు వెళ్ళడం లేదు. నాతో మాట్లాడే నలభై నిమిషాలు తప్ప ఇంట్లో నోరు విప్పడం లేదు. పాత ఖాతాదారు ఎదురైతే మాట తడబడుతుందని వీధి గుమ్మం దాటడం లేదు. కొట్టు బావమరిది చేతిలోకి పోయింది; తిరిగి అడగడానికి నోరు ఉంది, కాని అడిగే హక్కు తనకు ఉందన్న నమ్మకం లేదు. వీటిలో ఏదీ నేను నింపే పత్రంలో లేదు. నా పని నాలుకదాకానే ఉంది.

రిహాబిలిటేషన్‌కు మనం వాడే మాట పునరావాసం. ఈ మాట వినగానే ఉత్తరాంధ్రలో ఎవరికీ ఆసుపత్రి గుర్తురాదు. తోటపల్లి కిందనో, హిరమండలంలో వంశధార జలాశయం కిందనో ఊళ్ళు పోయినవారికి కట్టిన కాలనీలు గుర్తుకువస్తాయి. ఇల్లు ఇస్తారు, వీధి ఇస్తారు, కుళాయి ఇస్తారు. కాని గ్రామదేవత గుడి, పొలం గట్టు, సాయంత్రం కూర్చునే రచ్చబండ లెక్కల్లోకి రావు. పట్టా చేతికి వచ్చిన నాడే పునరావాసం పూర్తయిందని కాగితం చెబుతుంది. అక్కడివారిని అడిగితే వేరే చెబుతారు. మెదడు దెబ్బ తిన్న మనిషి కూడా నిర్వాసితుడే. తన జీవితంలోనుంచి తానే ఖాళీ చేయవలసి వచ్చినవాడు. మేము అతనికి మాటలతో ఒక ఇల్లు కట్టి ఇస్తాం. అందులో కాపురం ఉండటం వేరే సంగతి.

సోవియట్ మనస్తత్వశాస్త్రజ్ఞుడు లూరియా ఇది చాలా ముందే చూశాడు. 1943లో యుద్ధంలో తలకు గుండు తగిలిన జసెత్‌స్కీ అనే యువ సైనికుడిని ఆయన దశాబ్దాలపాటు గమనించాడు. అతనికి చదవడం పోయింది, చూపులో సగం పోయింది, మాటలు జారిపోయేవి. కాని అక్షరం అక్షరం ఆలోచించకుండా చెయ్యి ఎత్తకుండా వ్రాస్తే వ్రాయగలడని తేలింది. తాను వ్రాసింది తాను సరిగా చదువుకోలేకపోయినా, రోజుకు కొద్ది వాక్యాలుగా పాతికేళ్ళపాటు దాదాపు మూడువేల పుటలు వ్రాశాడు. 1971లో వచ్చిన లూరియా పుస్తకంలో ఎక్కువ భాగం ఆ మనిషి మాటలే. ఆ గాయం మానలేదు; మానదని అతనికీ తెలుసు. అయినా పొద్దున్నే లేచి బల్లముందు కూర్చునేందుకు అతనికి ఒక కారణం ఉంది. చికిత్స ఇవ్వలేని వస్తువు ఆ కారణమే. అది లోపలినుంచి రావాలి. వచ్చేదాకా పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి. ఆ పక్కన కూర్చునే పని నాకు కావాలనిపించింది.

ఇక ‘కోచ్’ సంగతి. ఈ మాట పుట్టుక సరదాగా ఉంటుంది. హంగరీలో కోచ్ అనే ఊరి బండ్లకు పేరు. ఆ ఊరిపేరే యూరపు భాషల్లో బండికి పేరయింది. పందొమ్మిదవ శతాబ్దంలో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు పరీక్ష దాటించే ట్యూటరును వేళాకోళంగా కోచ్ అన్నారు. అక్కడినుంచి ఆటల్లోకి వెళ్ళింది. 1974లో టిమోతీ గాల్వే టెన్నిస్ గురించి వ్రాసిన పుస్తకంలో ఆటగాడికి అసలు ప్రత్యర్థి అతని తలలోనే ఉంటాడన్నాడు. థామస్ లెనర్డ్ అనే ఆర్థిక సలహాదారు, తన దగ్గరకు వచ్చేవారు డబ్బు గురించి మాత్రమే కాక బతుకు గురించీ అడుగుతున్నారని గమనించి 1992లో కోచ్‌లకు శిక్షణాలయం పెట్టాడు. 1995లో అంతర్జాతీయ కోచ్‌ల సమాఖ్య కూడా ఆయన చొరవతోనే ఏర్పడింది. శృంగవరపుకోటలో మాత్రం కోచింగ్ అనగానే “గ్రూప్స్‌కా, బ్యాంకు పరీక్షలకా?” అని అడుగుతారు. మా స్టేషను మీదుగా కిరండూల్ బండి వెళుతుంది. 2017లో అరకు వెళ్ళే రైలుకు అద్దాల కోచ్ తగిలించిన తరువాత ఆ అర్థం కూడా తోడయింది. లైఫ్ కోచ్ అంటే అద్దాల పెట్టెలో ఒక రకమేమోనని మా బంధువొకరు ఛలోక్తి విసిరారు.

తెలుగువారికి ఈ సరుకు కొత్తది కాదు. యండమూరి వీరేంద్రనాథ్ ‘విజయానికి ఐదు మెట్లు’ చదవని మధ్యతరగతి ఇల్లు ఒకనాడు అరుదు. ఇంద్రజాలికుడిగా, హిప్నాటిస్టుగా, మనస్తత్వవేత్తగా వేలాదిమందితో మాట్లాడిన బి.వి. పట్టాభిరామ్ 2025లో మరణించేవరకు ఆ పని చేస్తూనే ఉన్నారు. అయితే వ్యక్తిత్వవికాసం మనకు ప్రధానంగా సభావిద్య. వేదికమీద ఒకరు చెబుతారు, వందలమంది వింటారు. నేను చేయదలచినది దీనికి తలకిందులు. వచ్చినవారు చెబుతారు, నేను వింటాను.

ఇక్కడే పాత వృత్తి చేతికి అందివచ్చింది. మాట తడుముకుంటున్న మనిషి ముందు కూర్చున్నప్పుడు అందరికీ కలిగే మొదటి ఉబలాటం ఆ మాట మనమే అందించేయడం. అందిస్తే ఆ పూట గడుస్తుంది, కాని ఆ మాట అతనిది కాదు. క్షణాలు లెక్కపెడుతూ, ముఖంలో అసహనం కనిపించనీయకుండా ఊరుకోవడం నేర్చుకోవడానికి నాకు ఏళ్ళు పట్టింది. ఆరోగ్యవంతుల దగ్గరా ఇదే వర్తిస్తుందని ఇప్పుడు తెలుస్తున్నది. ‘మీకేం కావాలి?’ అని అడిగి చూడండి. మన ఇళ్ళలో చాలామందిని, ముఖ్యంగా ఆడవారిని, ఎవరూ ఎన్నడూ అడగని ప్రశ్న అది. జవాబు వెంటనే రాదు.

నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది రోగులు కారు, రోగిని చూసుకుంటున్నవారు. మూడేళ్ళుగా మంచంమీద ఉన్న భర్తకు అన్నీ తానై చేస్తున్న ఒక ఆవిడను ఆ ప్రశ్నే అడిగాను. చాలాసేపు కొంగు అంచు మడతపెడుతూ కూర్చున్నది. పిల్లవాడి ఉద్యోగమనో, అప్పు తీరడమనో చెబుతుందనుకున్నాను. చివరకు, “ఎవులూ పిలవకండా రెండు దినాలు తొంగోవాల బాబూ” అన్నది. నిద్ర! నేను ఏ సలహా చెప్పినా ఇంత సరిగ్గా ఉండేది కాదు. తరువాత చేసినదంతా లెక్క కట్టడమే. రాత్రిపూట ఎవరు పక్క మార్చగలరు, మందుల డబ్బామీద ఏ రంగు కాగితం అంటించాలి, మరిదిని ఎవరు అడగాలి, అడిగేటప్పుడు ఏ మాటతో మొదలుపెట్టాలి. నెలరోజుల తరువాత గంట్యాడలోని చెల్లెలింటికి వెళ్ళి పడుకుని వచ్చింది. రెండు రోజులు కాదు, ఒక రోజున్నర. ఆవిడ కష్టాలేవీ తీరలేదు. కాని పోయిన శివరాత్రికి పుణ్యగిరి తీర్థానికి వెళతానని తనంతట తానే మరిదికి చెప్పి ఏర్పాటు చేసుకున్నది. అందులో నా ప్రమేయం లేదు. లేకపోవడమే నాకు సంతోషం.

ఇప్పుడు మిత్రుని ఆక్షేపణకు వస్తాను. వాక్‌చికిత్సకు చట్టం ఉంది. 1992నాటి భారతీయ పునరావాస మండలి చట్టం ప్రకారం అర్హత ఉండి, పేరు నమోదు చేసుకున్నవారే ఆ పని చేయాలి. మైసూరులో 1965లో వెలసిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ వంటి చోట ఏళ్ళతరబడి చదివితేగాని ఆ అర్హత రాదు. లైఫ్ కోచ్‌కు మన దేశంలో అటువంటి చట్టబద్ధమైన అర్హత ఏదీ అక్కర్లేదు. ఈ సాయంత్రం బోర్డు వ్రాయించుకుని రేపు ఉదయం తలుపు తెరవవచ్చు. ఇది చిన్న విషయం కాదు. ఏమీ తెలియని ఉత్సాహవంతుడు ఎంత హాని చేయగలడో నాకు కళ్ళకు కట్టినట్టు తెలుసు.

ఒక ఉదాహరణ. మోటారుసైకిలు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి కోలుకున్న కుర్రవాణ్ణి తండ్రి తీసుకువచ్చాడు. “దెబ్బ మానిపోనాది. బద్దకం మిగిలిపోనాది. నాలుగు ముక్కలు చెప్పండి” అన్నాడు. కుర్రవాడు అడిగినదానికి జవాబిస్తాడు; అడగకపోతే గంటలు కదలడు. ఆకలైనా కంచం దగ్గరకు వెళ్ళడు. విచారంగా లేడు, సంతోషంగానూ లేడు. మెదడు ముందుభాగం దెబ్బ తిన్నప్పుడు ఒక పనిని మొదలుపెట్టే శక్తే సన్నగిల్లుతుంది. చూసేవారికి అది సోమరితనంలా కనిపిస్తుంది. అటువంటి కుర్రవాడికి ‘నీలో సింహం నిద్రపోతోంది, లేపు’ అని చెప్పేవారు ఊరికొకరు ఉన్నారు. అతను లేవలేడు, లేవకపోవడం అతని తప్పని ఇల్లంతా నమ్ముతుంది. ఆ తండ్రికి నేను సంగతి విప్పి చెప్పి, కోచింగ్ మొదలుపెట్టకుండా, విశాఖలో న్యూరాలజిస్టుకు ఉత్తరం వ్రాసి పంపాను. ఫీజు తీసుకోలేదు. తండ్రి కొంత నిరాశపడ్డాడు. కాని గుమ్మం దాటుతూ కొడుకు భుజంమీద చెయ్యి వేశాడు, వచ్చేటప్పుడు వేయలేదు.

అలాగే పక్షవాతం వచ్చినవారిలో దాదాపు ముగ్గురిలో ఒకరికి కుంగుబాటు వస్తుంది. అది వైద్యం ఉన్న జబ్బు, హితబోధతో పోదు. చనిపోవాలన్న మాట ఎవరి నోటనైనా వినిపిస్తే అక్కడితో కోచింగ్ ఆగిపోతుంది. వైద్యుని దగ్గరకు పంపుతాను. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలిమానస్ నంబరు 14416ను నా గదిలో గోడమీద పెద్ద అక్షరాలతో వ్రాసి ఉంచాను.

కనుక నా జవాబు ఇది. శాస్త్రాన్ని వదలలేదు, గుమ్మం దగ్గర కూర్చోబెట్టాను. ఎవరిని లోపలికి రానివ్వాలో, ఎవరిని వేరేచోటికి పంపాలో అది చెబుతుంది. లోపలికి వచ్చినవారి బతుకు ఎటు వెళ్ళాలో మాత్రం అది చెప్పదు, నేనూ చెప్పను.

ఒక వెలితి ఉంది. చికిత్సలో కొలత ఉండేది. జనవరిలో పది బొమ్మల పేర్లు చెప్పినవారు జూన్‌లో ముప్పై చెప్పేవారు. ఇప్పుడు ఒక మనిషి కాస్త నిటారుగా నడిచి వెళితే అది నా పనివల్లనా, ఆ వారం వాన పడటంవల్లనా అన్నది తేల్చలేను. తేల్చలేనిదానికి ఫీజు తీసుకోవడం కొన్ని రాత్రులు ఇబ్బందిగానే ఉంటుంది. అందుకే ఆరు సార్లకు మించి ఎవరినీ రమ్మనడం లేదు.

చివరిగా తోటి బ్లాగరులకు ఒక విన్నపం. ఈ పనికి తెలుగులో మంచి మాట లేదు. ‘జీవన శిక్షకుడు’ అంటే బెత్తం కనిపిస్తుంది. ‘మార్గదర్శి’ అందామంటే మార్గం నాకు తెలియదు. ‘గురువు’ అనే సాహసం లేదు. మా ఊరి ముసలమ్మ ఒకతె, నేను ఏం చేస్తానో పూర్తిగా విని, “అయితే నువ్వు కూకుండీవోడివన్నమాట” అని తేల్చేసింది. పక్కన కూర్చునేవాడు! అర్థం సరిగ్గా కుదిరింది గాని బోర్డుమీద వ్రాయించడానికి ధైర్యం చాలడం లేదు. మీకు ఇంతకంటే మంచి మాట తోస్తే చెప్పండి. అందాకా నా తలుపుమీద పేరు మాత్రమే ఉంటుంది.